అవ్వ ముఖం ఆకుల్లో కలిసిపోయిందంటే

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. దామలచెరువు దగ్గర మీ మామిడి తోపులో మీ అవ్వను కూర్చోబెట్టి నలభై ఫోటోలు తీశావు. రంగుల్లో బాగానే ఉన్నాయి. నలుపు-తెలుపులోకి మార్చేసరికి ముఖం, చీర, వెనక ఆకులు అన్నీ ఒకే బూడిదలో కలిసిపోయాయి. ముఖాన్ని తేలిక చేస్తే సున్నం పూసినట్టుంది, వదిలేస్తే మసి పూసినట్టుంది. కొత్త లెన్సు కొనాలా, కెమెరానే మార్చాలా అని అడుగుతున్నావు.

ఏదీ కొనొద్దు. నేను ముప్పై రెండేళ్ళుగా తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళల్లోనే ఫోటోలు తీస్తున్నాను. మొదటి పదేళ్ళు స్టూడియోలో రీళ్ళు కడిగి, ప్రింట్లు వేసి బతికినవాణ్ణి. నీకు వచ్చిన ఇబ్బందే ఆ రోజుల్లో వారానికి రెండుసార్లు నా చేతిలోని ట్రేలో తేలేది. తప్పు కెమెరాది కాదు, కూర్చోబెట్టిన చోటుది. కొంత చూపుది కూడా.

మొదట చూపు సంగతి. రెండు రంగులు వేరుగా కనబడినంత మాత్రాన రెండు బూడిదలు వేరుగా రావు. మామిడాకు పచ్చ, అవ్వ చామనచాయ, ఆమె కట్టుకున్న కుంకుమరంగు చీర, ఈ మూడూ కంటికి ఎంతో దూరం. కానీ పడిన వెలుతురులో ఒక్కొక్కటి ఎంత తిప్పి పంపుతుందో చూస్తే మూడూ పక్కపక్కనే ఉంటాయి. రంగు తీసేశాక మిగిలేది ఆ లెక్క ఒక్కటే. ఫోటో తీసేముందు కళ్ళు సగం మూసి రెప్పల సందులోంచి చూడు. రంగు వెనక్కి తగ్గి వెలుగూ చీకటీ ముందుకొస్తాయి. అప్పుడు ముఖం అంచు ఎక్కడుందో తెలియకపోతే, ఫోటోలోనూ తెలియదు. కెమెరాలో మోనోక్రోమ్ పెట్టుకుని రా ఫైలు (కెమెరా పట్టింది పట్టినట్టు, మార్పులేమీ లేకుండా దాచే ఫైలు) కూడా దాచుకో. తెర మీద నలుపు-తెలుపు కనిపిస్తుంది, లోపల రంగులన్నీ భద్రంగా ఉంటాయి. ఈ సదుపాయం మా కాలంలో లేదు. రీలు కడిగేదాకా నమ్మకం మీద బతికేవాళ్ళం.

ఇప్పుడు మీ తోపులోకి పోదాం. ముదిరిన మామిడాకు పైభాగం మైనం రుద్దినట్టు నున్నగా ఉంటుంది. ఆకాశం పడినవైపు ఆకు తళుక్కుమంటుంది, పడనివైపు నల్లగా ఉంటుంది. అందుకే కొమ్మ తలకు దగ్గరగా ఉంటే నలుపు-తెలుపులో వెనకంతా తెల్లటి పెంకులు పరిచినట్టు వస్తుంది, కన్ను ముఖం మీద నిలవదు. చింతచెట్టుది ఇంకో రకం తంటా. ఆకు సన్నం కాబట్టి ఎండ జల్లెడలోంచి రాలినట్టు రాలుతుంది. ఆ ఎండ పొడలు నేల మీద ఎంత అందమో ముఖం మీద అంత చేటు. ముక్కు మీద ఒకటి, చెంప మీద ఒకటి పడితే, ఆ పొడకూ పక్కనున్న నీడకూ మధ్య మూడు నాలుగు స్టాపుల తేడా ఉంటుంది, ఒక్కో స్టాపు అంటే వెలుతురు రెట్టింపు. రంగుల్లో కన్ను ఎట్లాగో సర్దుకుంటుంది. నలుపు-తెలుపులో ముఖం మీద సున్నపు చుక్కలు చిలకరించినట్టే. తోపు నడిమధ్యన కూర్చోబెడితే వెలుతురు నెత్తిమీద నుంచి ఒక్కటే దిగుతుంది. కళ్ళ గుంటలు చీకటైపోతాయి. నువ్వు పంపిన ఫోటోల్లో అవ్వ కళ్ళు కనబడకపోవడానికి కారణం అదే.

తోపు అంచుకు రా. నీడ ఎక్కడ ఆగి ఎండ ఎక్కడ మొదలవుతుందో ఆ గీత వెతుకు. ఆ గీతకు రెండడుగులు లోపల, పూర్తిగా నీడపట్టున అవ్వను నులకమంచం మీదో పీట మీదో కూర్చోబెట్టు. ముఖం బయటివైపుకు ఉండాలి. నువ్వు బయట ఎండలో నిలబడు. ఇప్పుడు ఏమవుతుందంటే, బయట ఉన్న ఆకాశమంతా, ఎండ పడిన నేలంతా కలిసి ఒక పెద్ద దీపమై ఆమె ముఖం మీదికి వస్తాయి. వెనక తోపులోపలికి పోయేకొద్దీ వెలుతురు పలచబడి చీకటి గూడు కడుతుంది. స్టూడియోలో మేము నల్లగుడ్డ కట్టి సాధించేది మీ తోపు ఊరికే ఇస్తుంది. అదే ఆకు, అదే చెట్టు. కానీ ఇప్పుడు ఆకుకంటే ముఖం మీద రెండు స్టాపుల వెలుతురు ఎక్కువ. ముఖం దానంతటది ముందుకు వస్తుంది. వెనక ఆకుల సందుల్లో ఆకాశం తెల్లటి చిల్లుల్లా కనిపిస్తుంటే, నువ్వు ఒక స్టూలెక్కి పైనుంచి చూడు, లేదా పక్కకు ఒక అడుగు వెయ్యి. తల వెనక చిల్లు ఉండకూడదు. దీనికోసం నేను పది నిమిషాలు తిరిగిన రోజులున్నాయి.

పూర్తిగా బయటికి ముఖం పెడితే వెలుతురు చప్పగా పడుతుంది. భుజాలు కొంచెం తోపువైపు తిప్పి కూర్చోమను. ఒక చెంప ఆకాశంవైపు, ఇంకో చెంప చెట్లవైపు. అప్పుడు ముక్కుకు ఒకవైపు పలచటి నీడ వచ్చి ముఖానికి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. నీడవైపు చెంప మరీ నల్లబడితే మన ఊళ్ళల్లో దానికి మందు ఉతికిన తెల్ల పంచె. మీ తమ్ముణ్ణి పిలిచి, నీడవైపు రెండు మూడు అడుగుల దూరంలో పరిచి పట్టుకోమను. కిందనుంచి మాత్రం పట్టనీయొద్దు. గడ్డం కిందనుంచి వెలుతురు వస్తే ముసలివాళ్ళ ముఖం భయపెట్టేలా ఉంటుంది.

ముఖం ఎప్పుడూ వెనకకంటే వెలుగ్గానే ఉండాలని లేదు. నాకు ఇష్టమైనది దీనికి తిరగేసినది. పాలిపోయిన వెనకభాగం ముందు నల్లటి ముఖం. వరిగడ్డి వామి ముందు ఒక రైతును నిలబెట్టి చూడు. ఎండిన గడ్డి తేలిక బూడిదగా వస్తుంది, మనిషి చెక్కిన బొమ్మలా నిలుస్తాడు. నీళ్ళు లేని నెలల్లో స్వర్ణముఖి ఇసుక కూడా అంతే. పైగా ఆ ఇసుకంతా కిందా పక్కలా వెలుతురు చిమ్ముతుంది కాబట్టి, పొద్దు వాలాక పంచె కూడా అక్కర్లేదు.

వేళ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, ఒక్క మాట తప్ప. బయటి దేశాల వాళ్ళు రాసిన పాఠాల్లో సాయంత్రపు బంగారు వెలుగు చాలాసేపు ఉంటుందని చదివి మోసపోవద్దు. తిరుపతి భూమధ్యరేఖకు ఉత్తరాన పదమూడున్నర డిగ్రీలలో ఉంది. ఇక్కడ సూర్యుడు ఏటవాలుగా కాదు, దాదాపు నిలువుగా దిగిపోతాడు, గంటకు సుమారు 14 డిగ్రీల చొప్పున. అంటే నీరెండ మనకు దొరికేది గంటకు మించదు. నవంబరులో ఐదూ నలభైకే పొద్దు కుంకుతుంది, జూలై మొదట్లో ఆరూ నలభై దాటుతుంది. ఏప్రిల్ ఆఖరి వారంలో, ఆగస్టు మూడో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ళకిందే ఉంటుంది. ఆ వేళ ఆరుబయట ముఖం తీయడానికి పూనుకోవద్దు, అరుగు మీదికో పందిరి కిందికో పో. మనకు ముఖాల కాలమంటే ఈశాన్య రుతుపవనం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మబ్బు పట్టి, వాన పడీ పడని రోజున రోజంతా తీయొచ్చు. మిగతావాళ్ళు కెమెరా సంచీలో పెట్టేస్తారు, నేను అప్పుడే బయటికి తీస్తాను.

ఇక ముఖం మసి పూసినట్టుందన్న మాట. దీని మీద కొంచెం ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే మా వృత్తి చేసిన తప్పు ఇందులో ఉంది.

నేను పని నేర్చుకున్న స్టూడియోలో టచింగ్ అని ఒక పని ఉండేది. నెగెటివ్‌ను వెలుతురు పెట్టె మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ముడతల మీద చుక్కలు పెట్టేవాళ్ళం. నెగెటివ్ మీద పెన్సిల్ నలుపు పడినచోట ప్రింటులో తెలుపు వస్తుంది. ముడత మాయమవుతుంది. నల్లటివాళ్ళయితే ప్రింటుకు ఇచ్చే వెలుతురు రెండు సెకన్లు తగ్గించి తేలిగ్గా దించేవాళ్ళం. ఎవరూ అడక్కపోయినా దించేవాళ్ళం. ఒకసారి పలమనేరు వైపునుంచి ఒకాయన వాళ్ళమ్మ ఫోటో పెద్దది చేయించుకుందామని వచ్చాడు. ఆమె పోయి నెల కూడా కాలేదు. రెండు రోజులు కూర్చుని టచింగ్ చేసి, ముఖం తేలిక చేసి, మౌంటు కట్టి ఇచ్చాను. చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "బాగుందన్నా, కానీ ఈమె మాయమ్మ కాదు" అన్నాడు. కోపంగా అనలేదు. అదే నాకు పట్టుకుంది. ఆ సాయంత్రం నెగెటివ్ మీది పెన్సిలంతా దూదితో తుడిచేసి, ముఖం ఎంత నలుపో అంత నలుపుగా, ముడతలు ఎన్నుంటే అన్నిటితో మళ్ళీ ప్రింటు వేశాను. మర్నాడు వచ్చి చూసి, తువ్వాలులో చుట్టుకుని, ఇంకేమీ అనకుండా పోయాడు. అప్పటినుంచి నేను ఎవరి ముఖాన్నీ తెల్లగా చేయలేదు.

ఫోనుతో తీస్తే అది ఆ పాత టచింగ్ పనే నిన్ను అడక్కుండా చేస్తుంది. బ్యూటీ మోడ్ ఉంటే ముందు తీసెయ్యి. తర్వాత కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు సంగతి అర్థం చేసుకో. మామూలు మీటరుకు ముఖమేదో ఆకేదో తెలియదు. తాను చూసేదంతా నడిమి బూడిద అనుకుంటుంది, అంటే పడిన వెలుతురులో 18 శాతం తిప్పి పంపే బూడిద. నల్లటి ముఖం ఫ్రేము నిండా ఉంటే దాన్ని ఈడ్చుకొచ్చి నడిమి బూడిద చేస్తుంది. అది నీ సున్నం. వెనక తెల్లటి ఆకాశం ఉంటే ఆకాశాన్ని నడిమి బూడిద చేసి ముఖాన్ని అడుగుకు తొక్కేస్తుంది. అది నీ మసి. రెండూ ఒకే మీటరు పని.

1940 ప్రాంతంలో అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు దీనికొక లెక్క కట్టారు. కటిక నలుపు నుంచి కాగితం తెలుపు దాకా సున్నా నుంచి పది వరకు మెట్లు, మెట్టుకూ మెట్టుకూ ఒక స్టాపు. నడిమి బూడిద ఐదో మెట్టు. వాళ్ళు తెల్లవాళ్ళ చర్మాన్ని ఆరో మెట్టు మీద పెట్టేవాళ్ళు. ఆ ఆరును మన ముఖాలకు అంటగట్టడం వల్లే పెళ్ళి ఆల్బమ్‌లలో అందరూ ఒకే పిండితో చేసినట్టుంటారు. నా లెక్క చెప్తాను. చామనచాయకు ఐదో మెట్టు. బాగా నల్లటి మనిషికి నాలుగు, మహా అయితే నాలుగున్నర. కెమెరాలో స్పాట్ మీటరు (ఒక్క చిన్న చోటు మీదే వెలుతురు కొలిచేది) పెట్టి, వెలుతురువైపు చెంప మీద కొలిచి, అవ్వలాంటి ఛాయకు ఉన్నది ఉన్నట్టు, నల్లటి మనిషికి అర స్టాపు నుంచి ఒక స్టాపు తగ్గించు. ఫోనులో అయితే చెంప మీద వేలు నొక్కి పట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి జరుపు. అంతే.

ముఖం అంత నల్లగా ఉంటే ఏం కనిపిస్తుందని అడుగుతావు. గుడిలో నల్లరాతి మూలవిరాట్టును నూనెదీపం వెలుగులో చూసి ఉంటావు. ముక్కు, చెంప, పెదవి, చుబుకం అన్నీ స్పష్టంగా తెలుస్తాయి. రాయి తెల్లబడి కాదు, రాయి మీద వెలుగు జారి. మన చర్మం అందం కూడా ఆ జారే మెరుపులోనే ఉంది. ముఖం నాలుగో మెట్టులో ఉన్నా నుదుటి మీద, చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద మెరుపు ఏడో మెట్టు దాకా ఎక్కుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే ముఖం. అందుకని పౌడరు రుద్దనీయొద్దు. తలకు కొబ్బరినూనె పెట్టుకుని వస్తే అదృష్టం అనుకో. ఆ మెరుపు ఎట్లా పడుతుందనేది వెలుతురు ఎంత పెద్దదో దాన్నిబట్టి ఉంటుంది. నడినెత్తి సూర్యుడు ఆకాశంలో చిన్న చుక్క, మెరుపు కూడా చుక్కలా కరుకుగా పడుతుంది, చెమట పట్టినట్టుంటుంది. తోపు అంచున సగం ఆకాశమే దీపం కాబట్టి మెరుపు వెడల్పుగా, మెత్తగా, వెన్న రాసినట్టు పరుచుకుంటుంది. అవ్వను ఆ గీత దగ్గర కూర్చోబెట్టమన్నది సగం దీనికోసమే.

రంగుల దగ్గరికి వద్దాం. నలుపు-తెలుపు తీసేవాడికి రంగులు ఇంకా ఎక్కువ తెలియాలి. నీ ఇంట్లో ముత్తాతల కాలంనాటి ఫోటో ఏదన్నా ఉంటే తీసి చూడు. ఆడవాళ్ళ నుదుట బొట్టు కాటుకలా నల్లగా ఉంటుంది, ఆకాశం ఉంటే పాలలా తెల్లగా ఉంటుంది, మనుషులు ఉన్నదానికంటే నల్లగా ఉంటారు. అప్పటి ఫోటో ప్లేట్లు నీలాన్ని ఇట్టే పట్టేసేవి, ఎరుపు వాటికి కనిపించేది కాదు. మన చర్మంలో ఎరుపు పాలు ఎక్కువ, కుంకుమ అంతా ఎరుపే. అందుకే ఆ నలుపు. తర్వాత వచ్చిన పాంక్రోమాటిక్ ఫిల్ము అన్ని రంగులనూ చూసింది. దానితో మంచీ వచ్చింది, నీకొచ్చిన చిక్కూ వచ్చింది. అన్నిటినీ దగ్గరదగ్గర బూడిదలుగా దించడం.

వాటిని విడదీయడానికి లెన్సు ముందు రంగు అద్దం పెట్టేవాళ్ళం. సూత్రం ఒకటే. అద్దం రంగు ఏదో ఆ రంగు వస్తువు తేలికవుతుంది, ఎదురు రంగు ముదురుతుంది. ఎర్రద్దం పెడితే చర్మం తేలిపోతుంది, ఆకు నల్లబడుతుంది, నీలాకాశం నల్లబడుతుంది. కానీ మూడు స్టాపుల వెలుతురు తినేస్తుంది, పైగా బొట్టు ముఖంలో కరిగిపోతుంది. బొట్టు లేని అవ్వ! నారింజ అద్దం కొంచెం మర్యాదైనది. పసుపుపచ్చ-ఆకుపచ్చ కలిసిన అద్దం పెడితే ఆకు తేలికై, చర్మం నిండుగా, బొట్టు నల్లగా నిలుస్తుంది. అది రెండు స్టాపులు తింటుంది. మన ఆడవాళ్ళ ముఖాలకు నేను ఎక్కువ వాడింది అదే. ముఖానికి పసుపు రాసుకున్న ముత్తయిదువను తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త, పసుపు దానంతటదే తేలిక బూడిద అవుతుంది, దాని మీద ఇంకా తేలిక చేయొద్దు.

ఇది ఎంత తేడా తెస్తుందో చూడాలంటే మే నెలలో తిరుపతి గంగమ్మ జాతరకు పో. అదే మనిషి ఒకరోజు ఒళ్ళంతా తెల్లటి నామం పూసుకుని బైరాగి వేషంలో, ఇంకోరోజు కుంకుమ పూసుకుని బండ వేషంలో, మరోరోజు బొగ్గు పూసుకుని తోటి వేషంలో తిరుగుతాడు. మూడూ రంగుల్లో తీసి ఇంటికొచ్చి మార్చి చూడు. తెలుపూ బొగ్గూ ఎట్లా మార్చినా అట్లాగే ఉంటాయి. కుంకుమ ఒక్కటే నువ్వు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఎర్రద్దంలో ఆ మనిషి వెన్నెల ముఖంతో ఉంటాడు, పచ్చద్దంలో ఉగ్రరూపంతో ఉంటాడు. ఒకే నెగెటివ్‌కు ఇద్దరు మనుషులు. ఆ రెండింటిలో ఏది నిజమో వేషం కట్టినవాణ్ణి అడిగితే చెప్తాడు, పచ్చద్దందే.

నీకిప్పుడు అద్దాలు కొనే పని లేదు. రంగుల్లో తీసి, తర్వాత ఫోనులో స్నాప్‌సీడ్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ తెరిస్తే కింద రంగు ఫిల్టర్లు ఉంటాయి, పచ్చది నొక్కి చూడు, తర్వాత నారింజది. లైట్‌రూమ్‌లో అయితే ఒక్కో రంగుకు విడిగా మీట ఉంటుంది. ఆకుల కోసం పచ్చ, పసుపు మీటలను కిందికి లాగు. ముఖం జోలికి పోయే నారింజ మీటను మాత్రం పెంచడానికి చెయ్యి దురద పెడుతుంది, అక్కడ ఆగు. అది కొత్తకాలం టచింగ్ పెన్సిలే. నీలం మీటను కూడా ఎక్కువ కదపొద్దు, నురగ లేచినట్టు ఫోటోలో గింజలు (గ్రెయిన్) వస్తాయి. తోపు అంచున సరిగ్గా తీసిన ఫోటోకు ఈ మీటలు పావు వంతు కదిపితే చాలు. సగం కంటే ఎక్కువ కదపాల్సి వస్తే మళ్ళీ పోయి తీయడం మేలు.

లెన్సు గురించి అడిగావు కాబట్టి రెండు ముక్కలు. ముఖం ఆకారాన్ని చెడగొట్టేది లెన్సు కాదు, దూరం. మూరెడు దూరంలోంచి తీస్తే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ఐదారు అడుగుల దూరం నిలబడు. అక్కడినుంచి ముఖం, భుజాలు రావడానికి 85 మిల్లీమీటర్లు సరిపోతుంది, 50తో నడుము దాకా వస్తుంది, ఫోనులో రెండింతలో మూడింతలో చూపే కన్ను వాడు. ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) నాలుగు లేదా ఐదు పాయింట్ ఆరు. అంతా బ్లర్ చేసి రెండు కళ్ళు మాత్రమే మిగిల్చే పద్ధతి నాకు నచ్చదు. తోపులో తీశామంటే తోపు తెలియాలి, కాండం మీది బెరడు తెలియాలి, ఆమె ఆ చెట్టు నాటిన మనిషని తెలియాలి. వెనక పలచగా మసక ఉంటే చాలు, మాయం కాకూడదు. షట్టర్ సెకనులో 125వ వంతు కంటే నిదానం వద్దు, ముసలివాళ్ళ తల తెలియకుండానే కదులుతుంది. ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే చురుకు) 800 దాకా ధైర్యంగా పో. నలుపు-తెలుపులో గింజ కనిపించినా ఒంటికి పడుతుంది.

చోట్లు చెప్పమన్నావు. తలకోన బాగుంటుంది, లోయలోపల ఎండ నేరుగా దిగని గంటలు ఎక్కువ, వెలుతురు రాళ్ళ మీద నుంచి తిరిగి వస్తుంది. కానీ 270 అడుగుల జలపాతాన్ని వెనక పెట్టుకోవాలనే ఆశ వదులుకో. తెల్లటి నీళ్ళు ముఖాన్ని మింగేస్తాయి. నీళ్ళకు వీపు నువ్వు పెట్టి, మనిషిని తడిసిన నల్లరాయి ముందు నిలబెట్టు, అప్పుడు జలపాతమే నీ పంచె అవుతుంది. అది శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో ఉంది, అటవీశాఖ వాళ్ళను ముందే అడిగి పో. హార్సిలీ హిల్స్‌లో చలికాలం తెల్లవారుజామున మంచు దిగితే వెనకున్న చెట్లు ఒకదాని వెనక ఒకటి పలచబడతాయి, నీ సమస్యకు అంతకంటే సులువైన మందు లేదు. చంద్రగిరి కోట వెనక గుట్ట రాళ్ళు సాయంత్రం బాగుంటాయి. తిరుమల గుడిలోపలికి కెమెరా, ఫోను తీసుకుపోనివ్వరు, ఆ ఆలోచనే వద్దు. కొండకు నడిచే దారిలో మొక్కు తీర్చుకునేవాళ్ళ ముఖాలు గొప్పగా ఉంటాయి, ఒప్పుకుంటాను. అయినా మెట్టుమెట్టుకూ పసుపు పూస్తూ ఎక్కుతున్న తల్లిని ఆపి ఫోటో అడగడం నాకు చేతకాలేదు, నీకూ చేతకాకూడదనే కోరుకుంటాను. నిజానికి చోట్ల కోసం తిరగక్కర్లేదు. మీ పశువుల కొట్టం వాకిలి, బావిగట్టు, కానుగ చెట్టు కింద బండ, ఇవి చాలు ఐదేళ్ళకు.

మనిషి సంగతి అన్నిటికంటే కష్టం. మొదటి పది ఫోటోల్లో ఎవరైనా సరే ఆధార్ కార్డు ముఖం పెడతారు. అవి ఊరికే తీసెయ్యి, లెక్కలో వేసుకోవద్దు. "నవ్వవ్వా" అని మాత్రం అనొద్దు. చేతికి పని ఇవ్వు. సెనక్కాయలు వొలవమను, చింతపండు గింజ తీయమను, వక్కాకు మడవమను. చెయ్యి పనిలో పడితే ముఖం తన చోటికి తాను వస్తుంది. చేతులు కూడా ఫ్రేములో పెట్టు. మీ అవ్వ వయసువాళ్ళ చేతుల్లో ముఖంలో ఉన్నంతా ఉంటుంది, వాటికి కూడా ఆ అంచు వెలుతురు తగలనివ్వు. పాత ఏ ఊరి సంగతో అడిగి, ఆమె చెప్పడం ఆపి అటు చూసిన క్షణం కోసం కాచుకో. చీర విషయంలో, పెద్ద పూల చీర వద్దని మెల్లగా చెప్పు. రోజూ కట్టే నేతచీర, అంచు తప్ప సాదాగా ఉన్నది బాగుంటుంది. పెట్టెలోంచి పట్టుచీర తీస్తానంటే మొదట అందులో రెండు తియ్యి, ఆమె ముచ్చట తీరాక నేతచీరలో తియ్యి.

కొందరు పెద్దవాళ్ళు ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందంటారు. వాదించొద్దు, కెమెరా లోపల పెట్టెయ్యి. ఇంకొందరు దానికి సరిగ్గా ఎదురు. నేను ఊళ్ళల్లో ఎక్కువసార్లు విన్న మాట, "నేను పోయినాక దండ వేసేదానికి ఒకటి మంచిది తియ్యి నాయనా" అని. మొదట్లో ఆ మాటకు ఇబ్బందిపడి "అట్లా అనొద్దమ్మా" అనేవాణ్ణి. ఇప్పుడు అనను. అది చాలా పెద్ద పని అప్పగించడం. ఇంటి గోడ మీద ఇరవై, ముప్పై ఏళ్ళు ఉండే ఫోటో అది, మనవళ్ళ పిల్లలు ఆమెను ఆ ముఖంతోనే ఎరుగుతారు. మీ అవ్వ కూడా నీతో ఆ మాట అనిందని రాశావు, నవ్వుతూ రాశావు. ఆమె నవ్వుతూ అని ఉండదు.

ప్రింటు గురించి రాసి ముగిస్తాను. తెర మీద చూసి సరిపోయిందని అనుకోవద్దు. తెర వెనక దీపం ఉంటుంది, కాగితం వెనక ఉండదు. నల్లటి ముఖం కాగితం మీద అర స్టాపు ఇంకా కిందికి దిగుతుంది. మేము అప్పట్లో ఊటీలో తయారైన ఇందు ఫోటో పేపరు మీద వేసేటప్పుడు ముందు వేలెడు ముక్క మీద చెంప ఒక్కటే వేసి చూసుకునేవాళ్ళం, ఆరిన తర్వాత చూసేవాళ్ళం, ఎందుకంటే తడిలో ఉన్న వెలుగు ఆరాక ఉండదు. నువ్వూ అట్లాగే చెయ్యి. మెరుపు కాగితం కాకుండా మ్యాట్ కాగితం మీద ముఖం వరకు చిన్న ముక్క నాలుగు రకాల వెలుగుతో వేయించు. వాటిని పగలు, కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట పక్కపక్కన పెట్టు. తర్వాత అవ్వను పిలిచి, ఆమె ముఖం పక్కనే ఒక్కొక్కటీ పట్టుకుని చూడు. దగ్గరగా ఉన్నదాన్ని పెద్దది వేయించు, ఎనిమిది బై పన్నెండు. అంతకంటే పెద్దది అవసరం లేదు.

ఈ ఆదివారం మబ్బు ఉండేట్టుంది. మధ్యాహ్నం మూడున్నరకు తోపు పడమటి అంచుకు పో, పంచె మరిచిపోవద్దు. తీసినవాటిలో నీకు బాగున్నాయనిపించినవి కాకుండా, ఎటూ తేల్చుకోలేనివి ఒక ఐదు ఇక్కడ పెట్టు. రంగులవీ, మార్చినవీ రెండూ పెట్టు. రాత్రి చూసి రాస్తాను.